నాచారం చౌరస్తాలో ఆలస్యంగా మోగిన ఫోన్లు

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు మొదట కొన్నాళ్లు శిక్షణ ఇస్తారు. చట్టం ఏం చెబుతుంది, కంపెనీకి నోటీసు ఎలా రాయాలి, ఏ ఫిర్యాదు ఎవరి బల్ల మీదికి వెళ్లాలి అన్నవి అక్కడ నేర్పుతారు. బాగానే నేర్పుతారు. ఈ మధ్య అలా చేరిన ఇద్దరు ఆడపిల్లలు ఉప్పల్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "మేడం, మమ్మల్ని ఫీల్డుకు వేశారు. బయటికి వెళ్లి అసలు ఏం చూడాలి?" అని అడిగారు. టీ తాగేలోపు చెప్పగలిగిన జవాబు కాదది. వాళ్లు వెళ్లాక కూర్చుని రాస్తున్నాను.

మా పని

మొబైల్ కంపెనీలు రూలు ప్రకారం నడుస్తున్నాయో లేదో చూసే ప్రభుత్వ కార్యాలయం మాది. హబ్సిగూడలో అద్దె భవనం, పైన ఆఫీసు, కింద కోచింగ్ సెంటరు. అందులో నేను మెసేజీల విభాగంలో ఫీల్డ్ అసిస్టెంటుగా పనిచేశాను.

ఉత్తరాలు మోసే మనిషి తనకు నచ్చిన ఇంటికి పొద్దున్నే ఇచ్చి, నచ్చని ఇంటికి సాయంత్రం ఇస్తే ఊరు ఊరుకోదు. కంపెనీ కూడా అలాగే మోసే మనిషి. పంపింది ఎవరు, అందుకునేది ఎవరు, వాళ్ల సిమ్ము ఏ కంపెనీది అని చూసి ఒక మెసేజీని ముందుకు, ఇంకొకదాన్ని వెనక్కు నెట్టకూడదు. అలా నెడుతున్నారేమో కనిపెట్టడం మా పని. చెప్పడానికి ఇంతే. చిక్కు ఎక్కడంటే, ఉత్తరం ఆలస్యమైతే పోస్ట్‌మ్యాన్ కళ్లకు కనబడతాడు, మెసేజీ ఆలస్యమైతే ఎవరూ కనబడరు. అందుకని జనం తమ ఫోన్‌నో, తమ కర్మనో తిట్టుకుంటారు.

అక్షరాలు

ఆ ఆఫీసులో నేను మొదట అటెండర్‌ని. అప్పటికి నాకు సంతకం తప్ప రాయడం రాదు. నలభై దాటాక ఉప్పల్‌లో కమ్యూనిటీ హాలులో సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. అటెండర్ నుంచి ఫీల్డుకు ఎలా వచ్చానన్నది కాగితాల కథ, అది వదిలేద్దాం.

నా అంతట నేను మొదటి నుంచి చివరిదాకా చదివిన మొదటి ఉత్తరం నా ఫోన్‌కు వచ్చిన ప్రకటన. ఏదో పాటను కాలర్ ట్యూన్‌గా పెట్టుకోమని కంపెనీవాళ్లు పంపారు. పాటలోనూ ఏమీ లేదు, ప్రకటనలోనూ ఏమీ లేదు. అయినా బస్సులో కూర్చుని రామంతపూర్ దాటేదాకా దాన్నే మళ్లీ మళ్లీ చదువుకున్నాను. అది చెప్పడం ఎందుకంటే, చదువు వచ్చినవాళ్లు మెసేజీని చిన్న సంగతి అనుకుంటారు. రోజుకు బోలెడు వస్తాయి, తుడిచేస్తారు. కూడబలుక్కుని చదివేవాళ్లకు ఒక్కొక్కటీ లెక్కే. ఫీల్డులో మీకు ఎదురయ్యేది ఎక్కువగా ఈ రెండో రకం మనుషులు.

గెలవని కేసు

గెలిచిన కేసుల గురించే రాస్తే మీరు పాడైపోతారు. ముందు గెలవనిది ఒకటి.

పీర్జాదిగూడలో ఒక కాలనీ సంఘం ఉండేది. నీళ్లు ఏ పూట వదులుతారో ఇంటింటికీ మెసేజీ పంపేవారు. ఇంగ్లీషులో పంపేవారు. కాలనీలో సగం మందికి అది అర్థమయ్యేది కాదు. ఒక ముసలావిడ బిందె చంకన పెట్టుకుని సంఘం కార్యదర్శి గుమ్మంలోకే వెళ్లి నిలబడింది.

"ఏం బిడ్డా, నీళ్లు గూడ ఇంగ్లీషులనే వస్తయా?"

ఆయన మా దగ్గరికి వచ్చాడు. తెలుగులో పంపితే ఒక మెసేజీ రెండు మూడు ముక్కలవుతుందనీ, ముక్కముక్కకూ కంపెనీ వేరుగా వసూలు చేస్తోందనీ అన్నాడు. కంపెనీని అడిగాం. తెలుగు అక్షరం ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందులో మా తప్పేం లేదన్నారు. చోటు మాట నిజమే. కానీ చోటుకు ధర పెట్టింది అక్షరం కాదు, కంపెనీ. ఆ మాట మేం పైకి రాశాం. పైనుంచి ఏ జవాబూ రాలేదు.

ఆ కార్యదర్శి తెలివైనవాడు. "రేపు పొద్దున నీళ్లు" అని మాత్రం పంపడం మొదలుపెట్టాడు. గౌరవనీయులైన కాలనీవాసులకు అంటూ మొదలయ్యే నమస్కారాలన్నీ ఎగిరిపోయాయి. ఒక్క ముక్కలో సరిపోయింది. కాలనీకి పని జరిగింది. న్యాయం మాత్రం జరగలేదు. ఈ రెండూ వేరు వేరు సంగతులని మీరు మొదటి ఏడాదిలోనే తెలుసుకుంటే మంచిది.

ఇద్దరు ఆఫీసర్లు

నేను చూసిన పై అధికారుల్లో ఇద్దరి గురించి చెబుతాను. ఒకాయన పేరు వద్దు. "ఫిర్యాదు ఒక్కటే వస్తే అది ఆ మనిషి సమస్య. చాలా వస్తే కంపెనీ సమస్య" అనేవాడు. వినడానికి లెక్క సరిగానే ఉంటుంది. కానీ నాచారంలో కూలికి పోయే ఆడమనిషి హబ్సిగూడ దాకా వచ్చి ఫిర్యాదు ఇవ్వాలంటే ఆ పూట కూలి పోగొట్టుకోవాలి. ఒక్కరు వచ్చారంటే వెనక చాలామంది రాలేక ఆగారని అర్థం. ఆయన అది చివరిదాకా ఒప్పుకోలేదు.

రెండో ఆయన వెంకటరత్నం గారు. తెనాలి వైపు మనిషి, ఇంజనీరు. అటెండర్‌గా ఉన్నప్పటి నుంచీ నన్ను మీరు అనే పిలిచాడు. మర్యాద ఎక్కువ. ఆ మర్యాదే ఒకసారి మా పనికి అడ్డుపడింది. ఆయనే దాన్ని కనిపెట్టి పక్కన పెట్టాడు. స్వరూప కేసు అది.

స్వరూప

స్వరూపది జనగామ దిక్కు ఊరు. నాచారం పారిశ్రామికవాడలో మసాలా పొట్లాలు కట్టే యూనిట్‌కు కూలికి పోయేది. భర్త భీవండిలో మగ్గాల పనిలో ఉండేవాడు. ఆమె మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి ఫోను నా చేతిలో పెట్టింది. బటన్ల ఫోను.

"జర సదువు అక్కా."

చదివాను. ఈ రోజు పని ఉంది, వచ్చేవాళ్లు వెంటనే చెప్పండి, అని ఉంది.

"గిది ఎప్పుడొచ్చిందో సూడు. సద్ది తిన్నంక వచ్చింది. వ్యానేమో తెల్లారంగనే పాయె."

పని పద్ధతి ఆమె చెప్పింది. ఎంతమంది కావాలో యూనిట్‌వాళ్లు తెల్లవారుజామున మేస్త్రీ యాదగిరికి చెబుతారు. అతను ఆడవాళ్లందరికీ ఒకేసారి మెసేజీ కొడతాడు. ముందు జవాబిచ్చినవాళ్లను చౌరస్తాలో వ్యాను ఎక్కిస్తాడు. యాదగిరి సిమ్ము ఉన్న కంపెనీదే సిమ్ము వాడేవాళ్లకు మెసేజీ వెంటనే వస్తోంది. వేరే కంపెనీ సిమ్ములు ఉన్నవాళ్లకు తెల్లారిపోయాక వస్తోంది. స్వరూపది వేరే కంపెనీ.

"యాదన్నను అడిగినవా?" అన్నాను.

"అడగకుంటనా? 'నేను అందరికి ఒక్కసారే కొడతనమ్మా, నీ ఫోనుకే నిద్రెక్కువ' అంటడు. నెలాఖరు దాంక సూస్తడంట. గప్పటికి గిట్లనే ఉంటే నా నంబరు తీసేసి వేరేటోళ్లను పెట్టుకుంటడంట."

"నెలాఖరంటే ఇంకెంతో లేదు కదా."

"అందుకే గదా నీ తాన్కి వచ్చిన!"

చౌరస్తాలో రంగు గొడుగు కింద యాదగిరి వాడే కంపెనీ సిమ్ములు అమ్మే మనిషి ఒకడు ఉన్నాడట. మా కంపెనీ సిమ్ము తీసుకోండి, మెసేజీలకు ఫికర్ ఉండదని యూనిట్ల గేట్ల దగ్గర తిరుగుతున్నాడట. మరి మార్చుకోకపోయావా అని అడిగాను. ఇప్పటికీ ఆ ప్రశ్న నా నోట ఎలా వచ్చిందా అనుకుంటాను.

"సిమ్ము మా ఆయన పేరు మీద ఉన్నది. మార్చాల్నంటే ఆయన వేలిముద్ర ఎయ్యాలె. ఆయనేమో భీవండిల. అయినా నేనెందుకు మార్చాలె అక్కా? నా సిమ్ముకేం రోగమొచ్చింది?"

ఆమె చివర అన్న మాటే మా చట్టం మొత్తం. ఏ కంపెనీ సిమ్ము పెట్టుకున్నా మనిషికి మెసేజీ ఒకేలా అందాలి. పరాయి సిమ్ములకు వెళ్లే మెసేజీలు ఆలస్యం చేస్తే జనం తమవైపే వస్తారని ఒక కంపెనీ అనుకుంటే, అది వ్యాపారం కాదు, బలవంతం.

పెళ్లిచూపులు

పరీక్షకు మా దగ్గర ఒక సంచి ఉండేది. అందులో అన్ని కంపెనీల సిమ్ములు వేసిన ఫోన్లు. ఒకదాంట్లోంచి కొట్టి మిగిలినవాటిలో ఎప్పుడు అందుతుందో చూసేవాళ్లం. వెళ్లేముందు కంపెనీకి కబురు చేయడం మా ఆనవాయితీ. వాళ్ల ఇంజనీరు తన కారులోనే మమ్మల్ని తీసుకుపోయేవాడు. నాచారంలోనూ అలాగే వెళ్లాం. కొట్టిన మెసేజీ కొట్టినట్టే టింగుమని అందింది. స్వరూప పక్కనే నిలబడి చూసింది. ఇంకోసారి వెళ్లాం. ఇంకా తొందరగా అందింది.

"అంటే నేను అబద్ధాలు ఆడుతున్ననా సారూ?" అంది స్వరూప. కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది గొంతులో. ఇటువైపు మేం అన్నీ బాగున్నాయని రాసుకుంటున్నాం, అటువైపు నెలాఖరు దగ్గర పడుతోంది.

 కంపెనీ ఇంజనీరు కారులో దింపుతానంటే రత్నం గారు వద్దని, ఆటో పిలిచాడు. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు తనలో తాను నవ్వుకున్నాడు.

"బాలమణి గారూ, మీకు పెళ్లిచూపులు జరిగాయా?"

"జరిగినయి సార్. ఎందుకు?"

"ఉప్మా ఎవరు చేశారు?"

"మా వదినె."

"చేసింది మీరేనని చెప్పుంటారు."

"చెప్పిన్రు."

"మనం ఇన్నాళ్లూ పెళ్లిచూపులకే వెళ్తున్నామండీ. వస్తున్నామని కబురు పెడుతున్నాం. పైగా సంచిలో ఉన్న సిమ్ములు ఎవరిచ్చారు? వాళ్లే ఇచ్చారు. ఆ నంబర్లకు ఉప్మా ఎప్పుడూ బాగానే ఉంటుంది."

అది మా ఆఫీసు మొత్తం చేస్తున్న పొరపాటు. చాలాకాలంగా చేస్తున్నాం. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. చెప్పకుండా పోతే బాగుండదు, అంతే. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ఇదే: మీరు ఎవరి మీద నిఘా పెట్టారో వాళ్లు ఇచ్చిన గజంబద్దతో కొలవకండి. వాళ్లిచ్చే కాఫీ తాగండి, ఫరవాలేదు.

చౌరస్తాలో

ఈసారి ఎవరికీ చెప్పలేదు. ఆ ఆడవాళ్ల సొంత ఫోన్ల మీదే, రోజూ వ్యాను ఆగే చోటే, యాదగిరి రోజూ కొట్టే మెసేజీనే చూడాలనుకున్నాం. చీకటి విడవకముందే నేనూ రత్నం గారూ నాచారం చౌరస్తా చేరాం. ఆడవాళ్లను కూడా ఆ పూట మెసేజీకి ముందే అక్కడికి రమ్మన్నాం.

యాదగిరి భయపడ్డాడు. "నాకేమన్న తిప్పలైతదా మేడం?"

"నువ్వు రోజు జేసేదే జెయ్యి. ఎక్కువ తక్కువ ఏం లేదు."

"ఫోన్ జేసి చెప్పుకోవచ్చు గద అంటరు అందరు. ఇంతమందికి ఫోన్ జేసుకుంట కూసుంటే వ్యాను ఎవడు నడుపుతడు?"

ఆడవాళ్లు తమ ఫోన్లు మా చేతికి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అది న్యాయమే. అందులో వాళ్ల ఇంటి సంగతులుంటాయి.

"గండ్ల మా ఆయన ఫొటోలున్నయి" అంది ఒకామె.

"నీ మొగని ఫొటో ఎవరు సూస్తరే, పొద్దుపొద్దుగాల జడుసుకోనీకా?" అంది పక్కామె. అందరూ నవ్వారు. దారి చూపింది స్వరూప.

"ఫోను ఎవరి చేతుల వాళ్లే పట్టుకోండ్రి. మోగినోళ్లు చెయ్యి లేపుండ్రి. సారు సూస్కుంటడు."

యాదగిరి మెసేజీ కొట్టాడు. అక్కడొకటి, ఇక్కడొకటి మోగడం మొదలైంది. చేతులు లేచాయి. కాసేపటికి మోతలు ఆగిపోయాయి. పక్కపక్కనే భుజాలు రాసుకుంటూ నిలబడ్డవాళ్లలో కొందరి చేతులు పైన, కొందరివి కింద. ఎవరినీ విడిగా నిలబెట్టలేదు. అయినా ఆ గుంపు రెండుగా చీలినట్టు స్పష్టంగా కనబడింది.

"మీకు రాలేదా?" అన్నాడు యాదగిరి.

"రాలే యాదన్న."

"ఒక్కరికి గూడ?"

అతను తన ఫోను చూసుకున్నాడు, వాళ్ల చేతులు చూశాడు. "ఒక్కసారే కొట్టిన గదా" అన్నాడు ఎవరితోనో.

టీ కొట్టు తెరిచారు. పాలు పొంగాయి. అప్పుడు స్వరూప ఫోను మోగింది. ఆమె గబుక్కున చెయ్యి లేపి, తెరిచి చూసి, నాకు ఇచ్చింది. "ఇది వేరేదున్నట్టుంది, సూడక్కా."

పెద్దగా చదివాను. యాదగిరి సిమ్ము ఉన్న కంపెనీవాళ్లే పంపారు. మీ నంబరు మార్చకుండా మా నెట్‌వర్క్‌కు మారండి, మెసేజీలు క్షణంలో అందుకోండి, అని ఉంది. చెయ్యి కింద పెట్టుకున్న ఆడవాళ్లందరికీ అదే వచ్చింది. పని మెసేజీ ఇంకా రాలేదు.

రత్నం గారు పగలబడి నవ్వాడు. అంత నవ్వడం నేను ముందెప్పుడూ చూడలేదు. "దారి బాగానే ఉందండోయ్! ప్రకటన నడిచి రాలేదా? యాదగిరి మెసేజీనే కంపెనీవాళ్లు తమ గేటు దగ్గర ఆపుతున్నారు."

యాదగిరి నవ్వలేదు. స్వరూప దగ్గరికి వచ్చి, "నీ ఫోనుకు నిద్రెక్కువ అన్న గదా" అని ఆగాడు.  "నీ నంబరు ఉంటదమ్మా. ఎటు పోదు" అన్నాడు. తర్వాత అందరి వైపు తిరిగి, "ఇగ నుంచి మెసేజ్ వచ్చినోళ్లు పక్కింట్ల రానోళ్లకు ఒక కేక ఎయ్యిండ్రి. సర్కారోళ్లు దీని సంగతి సూసేదాంక గట్లనే నడుపుదాం" అన్నాడు.

మా ఉత్తర్వుకు ఇంకా చాలాకాలం పట్టింది. స్వరూప పని ఆ పూటే నిలబడింది, కళ్లారా చూసిన మేస్త్రీ వల్ల. ఆఫీసులో దీన్ని విజయం అని రాసుకోరు. నేను రాసుకుంటాను.

విచారణ

విచారణలో కంపెనీ తరఫున వచ్చినాయన మంచి బట్టలు, మంచి మాట ఉన్న మనిషి. ఆ ఆడవాళ్ల ఫోన్లు పాతవని చెప్పాడు. స్వరూప సిమ్ము తీసి, ముందుగా మోగిన పక్కామె ఫోనులో వేసి కూడా చూశామని రత్నం గారు చెప్పాడు. అప్పుడూ ఆలస్యంగానే వచ్చింది. తెల్లవారుజామున రద్దీ ఎక్కువ అన్నాడాయన. అది కొంత నిజం. రద్దీలో తమ ఇంటివాళ్లను ముందు పంపి, పక్కింటివాళ్లను ఎందుకు నిలబెట్టారని రత్నం గారు అడిగాడు. మరి ప్రకటన ఎలా వచ్చిందని కూడా అడిగాడు.

"సార్, దానికి వేరే రూటు ఉంటుంది."

"అదే అడుగుతున్నాను. వేరే రూటు ఎందుకుంది?"

ఆయన మంచినీళ్లు తాగాడు.

ఒక సంగతి కంపెనీల వైపు నుంచి కూడా చెప్పాలి. అన్ని మెసేజీలూ ఒకటే అని నేననను. వరద హెచ్చరిక, బ్యాంకు పంపే ఓటీపీ నంబరు ముందు పోవలసిందే. మోసగాళ్ల మెసేజీలను ఆపవలసిందే. ఆపకపోతే మనమే మళ్లీ వాళ్లను తిడతాం. ముందు వెనకలు ఉండవచ్చు. అవి జనం మేలు చూసి, అందరికీ తెలిసేలా పెట్టినవై ఉండాలి. సిమ్ములు అమ్ముకోవడానికి పెట్టినవి కాకూడదు. మనుషులు ఒకరికొకరు పంపుకునే మెసేజీలు తమ సిమ్ముకైనా పరాయి సిమ్ముకైనా ఒకే వరుసలో పోవాలని చివరికి ఉత్తర్వు వచ్చింది. రత్నం గారు సంచిలోని సిమ్ములన్నీ వెనక్కి ఇచ్చేసి, బజారులో మామూలు మనుషులు కొనుక్కున్నట్టే కొనిపించాడు. కబురు పెట్టే ఆనవాయితీ కూడా పోయింది. ఈ రెండో మార్పే పెద్దదని నా అభిప్రాయం.

మళ్లీ చౌరస్తాలో

ఉత్తర్వు అమలవుతోందో లేదో చూడడానికి నేనొక్కదాన్నే మళ్లీ నాచారం వెళ్లాను. కేసు మూసినా ఇంకోసారి పోయి చూడండి. అది ఎవరూ మీకు చెప్పరు, దానికి బత్తా కూడా సరిగా రాదు. అయినా పోండి.

స్వరూప నా కోసం వచ్చి నిలబడింది, మిగతా ఆడవాళ్లనూ ముందే పిలుచుకొచ్చింది. యాదగిరి మెసేజీ కొట్టాడు. ఎవరి సిమ్ము ఏదైతేనేం, ఫోన్లన్నీ ఒక్క ఊపున మోగాయి. ఈసారి చేతులు ఎవరినీ లేపమనలేదు. లేపవలసిన అవసరం లేకుండానే గోలగోలగా ఉంది. ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ వ్యాను ఎక్కుతున్నారు. స్వరూప మాత్రం మెసేజీ తెరిచి చూసి, ఫోను కొంగులో చుట్టుకుని కదలకుండా నిలబడింది.

యాదగిరి వ్యానులోంచి తల బయట పెట్టాడు. "ఏమైంది స్వరూపా? ఇయ్యాల గూడ రాలేదా ఏంది మెసేజ్?"



"వచ్చింది అన్నా! అందరికన్న ముందే వచ్చింది."

"మరి ఎక్కవేమే?"

"ఇయ్యాల నేనే వస్తలేను. మా చెల్లె వస్తుంది ఊరి నుంచి. చాపల పులుసు జెయ్యాలె."

"సీజన్ల గిట్ల జేస్తె ఎట్లనమ్మా!"

"రేపు వస్తపో. మెసేజ్ కొట్టు."

యాదగిరి గొణుక్కుంటూ వ్యాను కదిలించాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని, నువ్వు గూడ రా అక్కా, బువ్వ తిని పోదువు, అంది. డ్యూటీలో ఉన్నానన్నాను. సరేలే అని, చేపలు అయిపోతాయేమోనని తొందరగా మార్కెట్టు వైపు నడిచింది.